ఈల వినపడని ఊరు

పోయిన నెల ఎమ్మిగనూరులో మా మామ మనవడి ఇంట్లో దిగాను. పొద్దున వసారాలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. వీధి చివర ఎవరో ఈల ఊదారు. చేతిలో గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు. చూసుకునేసరికి గడప దగ్గర నిటారుగా నిలబడి ఉన్నాను, రెండు చేతులూ ఒంటికి ఆనించి, గడ్డం కొంచెం పైకెత్తి. మంచం మీంచి లేవాలంటే ఇంకొకరి భుజం కావాల్సిన మనిషిని నేను. నన్ను లేపింది ఎవరా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను. వెనక ఎవరూ లేరు.

"ఏమాయ జేజీ, ఎందుకట్ల లేసినావు?" అంది సరళ, మా మనవడి భార్య. ఈల ఊదారు కదా అన్నాను. "అది నీకు కాదులే, కూసో. ఇంటికొకరు పోతే సాలు. పొద్దున మీ మనవడు పోతాడు, సాయంత్రం నేను పోతాను. వరసగా నిలబెట్టి ఫోటో తీసుకుంటారు, అంతే" అంది. వీధి రక్షణకని కుర్రవాళ్ళు ఒక సంఘం పెట్టారట. ఎవరి నుంచి రక్షణ అని అడిగితే సరళ చేటలో బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ముందు రోజు సాయంత్రం మేడ మీది గది కోసం ఒక నర్సమ్మ వచ్చింది, తను చేసే ఆస్పత్రి పేరు చెప్పుకుని. మనవడు గది చూపించాడు, కొళాయి వచ్చే వేళలు చెప్పాడు, కిటికీ తెరిస్తే గాలి బాగా వస్తుందన్నాడు, చివర్లో పేరు అడిగాడు. పేరు విన్నాక, "అయ్యో, నిన్ననే ఎవరో మాట్లాడుకుని పోయినారమ్మా" అన్నాడు. ఆమె పర్వాలేదంటూ మెట్లు దిగిపోయింది. ఇల్లు అద్దెకు ఇస్తామనే అట్ట పొద్దున్నా గేటుకు అలాగే వేలాడుతోంది.

నా చిన్నతనం గడిచింది ఈ వీధిలోనే. మా అమ్మ ఆదోనిలో జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది. ఆ పత్తి నుసి నా ఊపిరికి పడక దగ్గు పట్టుకుంటే, నన్ను తెచ్చి అవ్వ దగ్గర వదిలింది. అవ్వంటే అమ్మకు అమ్మ, నాగమ్మ. తాత పోయాక ఒక మగ్గం, దాని మీద కూర్చునే కొడుకు, ఒక నల్ల మేకపిల్ల, నేను. ఇదీ ఆమె సంసారం. ఆ కొడుకే మా మామ ఈరన్న. అప్పటికింకా మీసాలు సరిగా రాలేదు, కానీ వచ్చినట్టే దువ్వుకునేవాడు. మా తాలూకా బళ్ళారి నుంచి విడిపడి కర్నూలు కింద కొత్తగా చేరిన రోజులవి. అవ్వకు ఏ జిల్లా అయినా ఒకటే. నూలు దొరికితే మంచి జిల్లా, దొరక్కపోతే చెడ్డ జిల్లా.

వీధి నిండా నేతగాళ్ళమే. పొద్దు పొడవక ముందే పడుగు దారాలు వీధి పొడవునా చాచి గంజి పట్టించి కుంచెలతో దువ్వేవారు. ఆ పులిసిన గంజి వాసన, పక్కనే పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన, ఉల్లిగడ్డ కారం ఘాటు, ఇవి మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. ఆ తర్వాత మగ్గాలు మొదలయ్యేవి. పొద్దంతా ఆ చప్పుడు ఆగేది కాదు. మేము దాన్ని విన్నట్టే ఉండేది కాదు, మన గుండె చప్పుడు మనం వినం కదా, అలాగ. ఎవరి మగ్గమైనా ఆగితే అప్పుడు మాత్రం ఇరుగుపొరుగు తలలు ఎత్తేవారు. అవ్వ అరుగు మీద ఆడవాళ్ళు రాట్నాలు ముందు వేసుకుని నేతకు కావలసిన నూలును కండెలకు చుట్టేవారు. మగవాళ్ళు నేసిన బట్టకు పేరొచ్చేది. దాని వెనక కండె చుట్టిన చేతులకు ఏ పేరూ ఉండేది కాదు, వేళ్ళ మీద నూలు కోసిన గాట్లు తప్ప. అవ్వకు దీని మీద ఒళ్ళు మండేది, ఆ మంట దాచుకునే రకం కాదు కూడా.

వీధి చివరి ఇల్లు బీబమ్మది. మా నూలుకు రంగు వేసేది ఆమే. భర్త పోయాక రంగుల బానలు ఆమె చేతికి వచ్చాయి. ఇల్లు మా వీధిలో, రంగుల పొయ్యి మాత్రం ఊరి బయట వాగు, మా మాటలో వంక, దాని ఒడ్డున. మోచేతుల దాకా ఆమె చేతులు ఒక వారం ఎర్రగా, ఒక వారం నీలంగా ఉండేవి. ఆమె కూతురు మెహరున్ నాకు జత. ఆ రోజుల్లో ఇంటికొక అగ్గిపెట్టె ఎక్కడిది? పొద్దున ఎవరి పొయ్యి ముందు రాజుకుంటే వాళ్ళింటికి పోయి పిడక మీద నిప్పు తెచ్చుకునేవాళ్ళం. బీబమ్మ అందరికంటే ముందు లేచేది కనుక తరచుగా ఆ నిప్పు ఆమెదే అయ్యేది. పిడకను ఊదుకుంటూ, కళ్ళల్లో పొగ పడి ఏడుస్తూ వీధి పొడవునా నడిచి రావడం నా పని.

కెప్టెన్ ఎప్పుడు వచ్చాడో చెప్పలేను. మెల్లగా వచ్చాడు, గోడకు చెమ్మ ఎక్కినట్టు. ఏటి అవతల నైజాం గొడవల కాలంలో ఊరికి కాపలా కాసిన కుర్రాళ్ళకు అతను పెద్ద. గొడవలు అణిగిపోయాయి, ఎవరి పనికి వాళ్ళు పోయారు, అతను మాత్రం కాపలా దిగలేదు. మెడలో ఇత్తడి ఈల, చేతిలో నున్నటి కర్ర, కత్తిరించిన శుభ్రమైన గోళ్ళు. ఎవరినీ కొట్టినట్టు నేను చూడలేదు, గొంతు పెంచగా వినలేదు. పిల్లలందరి పేర్లూ గుర్తు పెట్టుకునేవాడు. ఒకసారి నాకు గుప్పెడు బొరుగులు పెట్టి, "భయమైతాందా పాపా?" అని అడిగాడు. లేదన్నాను. "అట్ల సెప్పొద్దు. భయం మంచిది. భయముంటేనే ఇల్లు నిలబడతాది" అన్నాడు, తల నిమురుతూ. ఆ బొరుగులు నేను తినలేదు. ఎందుకో మేకపిల్లకు పెట్టాను.

అతను ఈల ఊదితే ఇళ్ళలోంచి అందరూ వచ్చి వాకిట్లో నిలబడాలి. మొదట్లో పొద్దున ఒకసారి, శత్రువు వస్తే గబాల్న లేవడం అలవాటు కావాలని. తర్వాత సాయంత్రం కూడా. తర్వాత వేళాపాళా లేదు. ఒక్కో ద్వారబంధాన్నీ కర్రతో టక్‌మని తట్టుకుంటూ నడిచేవాడు. నిలబడిన ఇంటి గడపకు అతని కుర్రాళ్ళు సున్నం బొట్టు పెట్టేవారు. అంతే, ఇంకేమీ జరిగేది కాదు. ఆ ఏమీ జరగకపోవడమే నన్ను ఇప్పటికీ వణికిస్తుంది. రొట్టె పెనం మీద మాడుతున్నా ఆడవాళ్ళు వచ్చి నిలబడేవారు, పాలు తాగే బిడ్డను దింపి నిలబడేవారు. కొన్నాళ్ళకు ఈల ఊదకపోయినా లేచి నిలబడటం మొదలైంది. చెంబు రాతికి గీసుకున్నా, పిట్ట గట్టిగా కూసినా అరుగు మీది రాట్నాలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి, అందరి కళ్ళూ వీధి వైపు తిరిగేవి. మా మేకపిల్ల కూడా మేత వదిలి, గడప దగ్గర నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడేది. దాన్ని చూసి మేము నవ్వేవాళ్ళం. నవ్వుతున్నది కూడా నిలబడే అని మాకు తోచేది కాదు. అమ్మ ఆదోని నుంచి వచ్చినప్పుడు ఇదంతా చూసి, "మా మిల్లు కూతకు కూలన్నా ఇస్తారు. ఈ కూతకేమిస్తారు మీకు?" అంది. మామ ఈరన్నకు కోపం వచ్చింది. అప్పటికే వాడు కర్ర పట్టుకుని కెప్టెన్ వెనక నడుస్తున్నాడు.

అవ్వ అరుగు మీద ఒక ఆట ఉండేది. ఎవరు మొదలుపెట్టారో గుర్తు లేదు. కండెలు చుడుతూ, మాట వీధికి వినపడకుండా, ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెప్పాలి: ఈల వినపడని ఊరు ఒకటుంది, ఆ ఊర్లో ఏముంది? ఆ ఊర్లో రొట్టెలు చేసినోళ్ళే ముందు తింటారంట, అనేది ఒకామె. ఆ ఊర్లో బట్ట మీద కండె చుట్టినదాని పేరు కూడా నేస్తారంట, అనేది అవ్వ. ఆ ఊర్లో ఏ ఇంట్లోనన్నా మొగుడు చెయ్యెత్తితే వీధి మొత్తం మగ్గాలు ఆపుతాదంట, అనేది ఎదురింటి లచ్చమ్మ, నేల చూపులు చూస్తూ. ఆమె చెంప మీద తరచుగా కందిన గుర్తు కనపడేది. బీబమ్మ రంగేసిన నూలు చిలపలు, అంటే చుట్టలు, తెచ్చినప్పుడు తనూ ఒకటి చెప్పేది: "ఆ ఊర్లో ఏటికి అవతల, ఇవతల అని రెండు ఒడ్లు ఉండవంట." రాట్నాల చప్పుడులో ఆ ఊరు ఒక్కో గోడా లేస్తుండేది. మెహరున్, నేనూ దాన్ని నిజమైన ఊరే అనుకున్నాం. కోసిగి దాటాక వస్తుందని నేను, మంత్రాలయం దగ్గర ఏట్లో మునిగి ఉందని అది. మధ్యాహ్నాలు వంక రాళ్ళకు చెవి ఆనించి వినేవాళ్ళం. ఒకరోజు నాకు రాళ్ళ లోపల మగ్గాలు వినపడ్డాయి. ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

ఆ ఏడు వానలు లేవు. బావుల్లో నీళ్ళు అడుగంటాయి. నూలు సరిగా రావడం లేదు. శత్రువు ఏటి అవతల ఉన్నన్నాళ్ళూ కెప్టెన్‌కు వాడిని చూపించే పని లేకపోయింది. కరువులో జనం చూపించమన్నారు. ఒక సాయంత్రం అందరం వాకిళ్ళలో నిలబడి ఉండగా అతను నడుస్తూ నడుస్తూ బీబమ్మ ద్వారబంధం దగ్గర కర్ర ఎత్తి, తట్టకుండా దించేశాడు. "ఈ అమావాస్య లోపల మన వీధి శుభ్రం కావల్ల. అందాక ఈ ఇంటికి నిప్పూ నీళ్ళూ బందు" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. బీబమ్మ ఎర్రటి చేతులతో అలాగే నిలబడింది. ఆమె గడపకు ఆ రోజు సున్నం బొట్టు పడలేదు. మేమంతా నిలబడే ఉన్నాం. అవ్వ కూడా.

మరునాడు పొద్దున నేను పిడక పట్టుకుని బయల్దేరితే అవ్వ చెయ్యి పట్టి ఆపింది. ఎక్కడి నుంచో అగ్గిపెట్టె తెచ్చింది. ఆ పొయ్యి ఎంతకీ అంటుకోలేదు. వీధి ఆ చివర మామ ఈరన్న కర్ర పట్టుకుని బీబమ్మ గుమ్మం ముందు కాపలా ఉన్నాడు, మీసం లేని పెదవి బిగబట్టి. వాడికి చిన్నప్పుడు జ్వరం వస్తే వంక దాకా ఎత్తుకుపోయి తడిగుడ్డ వేసింది ఆ బీబమ్మే. మెహరున్ కిటికీలోంచి నన్ను చూసింది. నేను చెయ్యి ఊపాలనుకున్నాను. చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది.

ఆ మధ్యాహ్నం అరుగు మీద ఆట సాగలేదు. లచ్చమ్మ ఉన్నట్టుండి రాట్నం ఆపి, "నాకొకటి అర్థమయ్యిందత్తా" అంది. "ఇంట్లో ఆయప్ప లెయ్యి అంటే లేస్తాను, కూసో అంటే కూసుంటాను. పుట్టినప్పటి నుంచి అదే అలవాటు. ఇంగ వీధిలో ఆ కెప్టెను లెయ్యి అంటే లెయ్యకుండా ఎట్లుంటాను? వాడు కొత్తగా నేర్పిందేముంది మనకి?" చాలా ఏళ్ళ తర్వాత కాలేజీలో మాకు ఫాసిజం గురించి పాఠం చెబుతుంటే, పెద్ద పెద్ద దేశాల పేర్ల మధ్య నాకు పులిసిన గంజి వాసన వచ్చింది, లచ్చమ్మ ఆపిన రాట్నం కనపడింది. ఆ పుస్తకంలో కవాతులున్నాయి, జెండాలున్నాయి. పొయ్యి దగ్గర మొదలయ్యే సంగతి మాత్రం లేదు. అవ్వ చేతిలో కండె పక్కన పెట్టి, "వాని బలం వాని కర్రలో ల్యాదు. మనం లేసి నిలబడే దాంట్లో ఉండాది" అంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కొంచెం భయం వేసింది. "ఆ ఈల వినపడని ఊరికి ఒక పొద్దు పోయొద్దామా?"

మా వైపు హొరబీడు అని ఒక ఆచారం ఉండేది. మాట కన్నడం, భయం మాది. కరువొచ్చినా, కలరా వచ్చినా ఊరు ఊరంతా ఒక పగలు బయటికి పోవాలి. పొద్దు పొడిచే లోపల పొయ్యిలన్నీ ఆర్పి, ముసలీ ముతకా, గొడ్డూ గోదా, కోడీ కుక్కతో సహా అమ్మవారిని ఎత్తుకుని పొలిమేర దాటాలి. దారికి ముళ్ళకంప అడ్డం వేయాలి. పొద్దు వాలాక బయట వండిన పొయ్యి నుంచే నిప్పు తెచ్చుకుని ఇళ్ళలో కొత్తగా వెలిగించుకోవాలి. ఆ పగలు ఊర్లో మిగిలినదేదైనా సరే, అది మనిషి కాదని పెద్దవాళ్ళు చెప్పేవారు. అవ్వ పెళ్ళికి ముందెప్పుడో జరిగిందట, మళ్ళీ లేదు. అరుగు మీది ఆడవాళ్ళలో బావి దగ్గర ఒకామె, నూలంగడి దగ్గర ఒకామె, మా అమ్మవారు చౌడమ్మ గుడి ముందు ఇంకొకామె అదే మాట అన్నారు: అమ్మ బయటికి పోవాలంటోంది. ఎవరికీ పూనకం రాలేదు, ఎవరూ కేకలు పెట్టలేదు. మెల్లగా అన్నారు, అందరూ అన్నారు. కరువులో ఉన్న మగవాళ్ళు కాదనలేకపోయారు. అమావాస్య ముందు రోజు పోవాలని నిర్ణయమైంది.

బిడారు ఎక్కడ దిగాలంటే వంక ఒడ్డునే కాసింత నీడ, కాసిన్ని నీళ్ళు ఉన్నాయి. అంటే బీబమ్మ రంగుల పొయ్యి దగ్గరే. కెప్టెన్ ఒప్పుకోలేదు. "ఊరు ఖాళీ చేస్తే శత్రువు సొరబడతాడు. మీరు పొండి, నేను కాపలా ఉంటాను" అన్నాడు. మామ కూడా, "నేను కెప్టెన్‌తో ఉంటాను" అన్నాడు. "ఉండు నాయనా. సంగటి మాత్రం ఈడ ఉడకదు" అంది అవ్వ. వాడు కోడి కూసేవరకూ పౌరుషంగా ఉండి, తర్వాత చౌడమ్మ పల్లకీ కొమ్ము పట్టుకుని మా వెనకే వచ్చాడు. కర్ర పట్టిన మిగతా కుర్రాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ అమ్మల వెనకే వచ్చారు.

అవ్వ పంపిన కబురుతో బీబమ్మ ముందు రోజు నుంచే అక్కడ ఉంది, బానలు దించి, పొయ్యి అలికి. అందరినీ చూసి బెదిరినట్టు నిలబడింది. "నా రంగుల పొయ్యి మీద మీ అమ్మవారికి వండుతారా అక్కా? రేపు ఎవరన్నా ఒక మాటంటే?" అంది. "అమ్మ కట్టుకున్న చీరకు రంగెవరు ఏసినారు?" అంది అవ్వ. "ఆ రంగు ఉడికినప్పుడు లేని మైల అన్నం ఉడికితే వస్తాదా? అగ్గి ఎలిగించు బీబీ." బీబమ్మ కళ్ళు తుడుచుకోలేదు, చేతులకు రంగు ఉంది. కూర్చుని పొయ్యి ఊదింది. నిప్పూ నీళ్ళూ బందైన మనిషి పెట్టిన నిప్పు మీద వీధి మొత్తానికి వంట మొదలైంది. వద్దనడానికి మగవాళ్ళకు ఇంకో పొయ్యి లేదు.

మధ్యాహ్నం ఎండలో అందరూ కునుకు తీస్తున్నారు. ఊరి వైపు నుంచి ఈల వినపడింది. సన్నగా, పొడవుగా. పడుకున్నవాళ్ళు కొందరు నిద్రలోనే మోచేతుల మీద లేచారు. అవ్వ కళ్ళు మూసుకునే చెయ్యి చాచి లచ్చమ్మ భుజం నొక్కి పట్టింది. ఎవరూ నిలబడలేదు. మా మేకపిల్ల ఒక్కటే తాడు తెంపుకుని ఊరి దారి పట్టింది. నేను దాని వెనక పరిగెత్తాను. అది ముళ్ళకంప సందులోంచి దూరి పోయింది. నేను కంప దగ్గర ఆగిపోయాను. అవతల అడుగు పెడితే నేనూ మనిషిని కాకుండా పోతానని భయం.

కంపలోంచి మా వీధి కనపడుతోంది. అంత వెలుగులో ఆ వీధిని అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. మగ్గం లేదు, కోడి లేదు, పొగ లేదు. వీధి అదే, కానీ దాన్ని ఎవరో తీసేసి అలాంటిదే ఇంకొకటి పెట్టినట్టుంది. దాని నడుమ కెప్టెన్. ఈల ఊదాడు. ఆగి చూశాడు. మూసిన తలుపులను ఒక్కొక్కటే కర్రతో తట్టుకుంటూ నడిచాడు, టక్, టక్, ఎప్పటిలాగే. వీధి చివరికి పోయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఈల ఊదాడు. ఈసారి ఊది, గబగబా పరిగెత్తి, మా ఇంటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు ఒంటికి ఆనించి, గడ్డం పైకెత్తి. కాసేపలా ఉండి వీధిలోకి పోయి ఊదాడు, పరిగెత్తి లచ్చమ్మ వాకిట్లో నిలబడ్డాడు. తర్వాత పక్కింట్లో. అలా ఒక్కో ఇంటికీ. ముఖం మీద చెమట ధారలు కారుతున్నా తుడుచుకోలేదు. మా మేకపిల్ల మా గడప దగ్గర నాలుగు కాళ్ళూ బిగబట్టి, అతనితో పాటు నిలబడి ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఒకసారి అతని కళ్ళు నేరుగా కంప వైపు, నా వైపు తిరిగాయి. నన్ను చూశాడు. చూసి కూడా అతనికి నేను కనపడలేదు. ఆ చూపు ఇప్పటికీ ఒక్కోసారి మధ్యాహ్నం నిద్రలో నా మీద పడుతుంది.

పొద్దు వాలాక కంప తీసి ఊర్లోకి వచ్చాం. ముందు చౌడమ్మ, వెనక కుండ పెంకుల్లో నిప్పు పట్టుకుని ఆడవాళ్ళు, వాళ్ళ ముందు బీబమ్మ. ప్రతి పెంకులోనూ ఆమె పొయ్యి నిప్పే. కెప్టెన్ మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఈల నోట్లోనే ఉంది కానీ ఊదలేదు. మగవాళ్ళు ఆగిపోయారు. మామ కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆ ఒక్క నిమిషంలో వీధి ఎటైనా పోయేది, నాకు ఆ వయసులోనే అది తెలిసింది. అవ్వ నిప్పు పెంకుతో అతని ముందుకు పోయి, ఇంట్లో మనిషితో అన్నట్టు, "పక్కకు జరుగప్పా, పొయ్యి ఎలిగించల్ల" అంది.

అతను జరిగాడు. అంతే. గోడకు ఆనుకుని దారి ఇచ్చాడు. అవ్వ లోపలికి పోయి పొయ్యి వెలిగించింది, చెంబుతో నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టింది. "తాగు. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు" అంది. అతను గటగటా తాగాడు, మీద పోసుకుంటూ. ఆ రాత్రి ప్రతి ఇంట్లో అన్నం బీబమ్మ నిప్పు మీద ఉడికింది. ఇక ఆమెకు నిప్పు బందు అని ఎవరన్నా ఏ నోటితో అంటారు? అమావాస్య వచ్చి పోయింది. ఆమె ఇంటి ముందు కాపలా లేదు. మామ కర్రను మగ్గానికి అడ్డకర్ర చేసి కట్టేశాడు, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తర్వాత కూడా కొన్నాళ్ళు ఈల వినపడేది. కొందరు లేచేవారు, కొందరు లేచేవారు కాదు. ఒకరోజు వినపడలేదు. దేవరగట్టు జాతరలో కర్రలతో కొట్టుకునే గుంపులో కెప్టెన్‌ను చూశామన్నారు ఎవరో. వాన మాత్రం ఆ ఏడు పడనే లేదు. అవ్వను అడిగితే, "వాన కోసం పోయినామా మనం?" అంది.

ఇదంతా సరళకు చెప్పుకొచ్చాను, ఆమె బియ్యం ఏరుతుంటే. వంక ఒడ్డున ఇప్పుడు ప్లాట్లు వేశారు. మెహరున్ ఆదోనిలో కాపురం చేసి అక్కడే పోయింది. ప్రతి ఇంట్లో గ్యాసు పొయ్యి. నిప్పు కోసం ఎవరూ ఎవరి గడపా తొక్కాల్సిన పని లేదు. మంచిదే, పొగకు కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళను ఎందరినో చూశాను. కానీ ఆ పొద్దు మేము ఆర్పి పోయింది ఒకరికొకరం ఇచ్చుకున్న నిప్పు కనుక, తిరిగి వెలిగించుకోవడానికి ఒకరి దగ్గరికి పోక తప్పలేదు. ఇప్పుడు ఏది ఆర్పి బయటికి నడవాలో నాకు తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు. ఈ వయసులో నా ఒళ్ళు ఇంకా ఆ ఈలకు లేస్తోందంటే, గెలిచామని చెప్పుకోవడానికి కూడా నోరు రాదు.

సరళ కూతురు ఆ మూల కూర్చుని వింటోంది. "ఆ ఊర్లో ఇంకేముంటాది జేజీ?" అంది. నువ్వే చెప్పు అన్నాను. "ఐస్‌క్రీము బండి" అంది. నవ్వుకున్నాం. సరళ నవ్వలేదు. బియ్యం కడగడానికి లేచి, కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో మాట కలిసిపోయేట్టు అంది: "ఆ ఊర్లో ఇల్లు సూపించినాక పేరు అడగరంట."

కొళాయి కట్టేసింది. గేటు వైపు, ఆ అట్ట వైపు కాసేపు చూసింది. "ఆ నర్సమ్మ ఏ ఆస్పత్రిలో చేస్తానని సెప్పింది జేజీ?" అని అడిగింది.

చెప్పాను. సాయంత్రం ఈల ఊదే వేళకు సరళ ఆ ఆస్పత్రి దారిలో ఉంది, వరసలో మా ఇంటి వాళ్ళెవరూ లేరు.